పిల్లి పళ్ళెములో నీరు

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ వినని తెలుగువారు అరుదు. ఎలుకల బాధ మాన్పుటకై రాయలవారు ఇంటింటికి ఒక పిల్లిని, దానికి పాలు పోయుటకై ఒక ఆవును ఇప్పించిరట. రామకృష్ణుడు మొదటినాడే పొంగుచున్న పాలను పిల్లి ముందుంచెను. మూతి కాలిన పిల్లి ఆనాటినుండి పాలగిన్నె కనబడినంతనే పరుగు తీయజొచ్చెను. ఆవు పాలన్నియు రామకృష్ణుని కుటుంబమునకు దక్కెను. ఈ కథను మనము నవ్వుకొనుటకు చెప్పుకొందుము గాని, పిల్లి స్వభావమును గూర్చిన గట్టి సత్యమొకటి ఇందు కలదు. ఒక ఆహారము వలన ఒకసారి బాధ కలిగినచో పిల్లి దానిని సులభముగ మరువదు. పిల్లికి క్రొత్త ఆహారము అలవాటు చేయదలచినవారు మొట్టమొదట మనసున ఉంచుకొనవలసిన సంగతి ఇదియే.

నేడు హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ వంటి నగరములలో పిల్లి ఎలుకలకై కాక తోడుకై పెరుగుచున్నది. మేడమీది వాటాలలో, తలుపులు మూసిన గదులలోనే దాని కాలమంతయు గడచుచున్నది. దాని భోజనము కూడ మారినది. అంగళ్ళలో డ్రైఫుడ్డు అను పేర అమ్ము పొడి గుళికలే అనేక గృహములలో పిల్లికి రెండు పూటల ఆహారము. సంచి విప్పి గిన్నెలో పోసినచో పని తీరును. వాసన లేదు, వంట లేదు, చెడిపోవునను బెంగ లేదు. ఇట్లు రెండు మూడు ఏండ్లు గడచిన పిమ్మట ఏదో ఒక అస్వస్థతకై పిల్లిని చూపించినప్పుడు, దీనికి కొంత తడి ఆహారము కూడ పెట్టవలెనని పశువైద్యుడు చెప్పును.

అచ్చట గృహస్థునకు రెండు చిక్కులు ఎదురగును. క్రొత్త పొట్లము విప్పి పెట్టినచో పిల్లి వాసన చూచి మొగము త్రిప్పుకొని పోవును. ఇది మొదటి చిక్కు. ఒకవేళ తిన్నను, దినమునకు మూడు పొట్లముల చొప్పున నెలకు తొంబది పొట్లములు కొనుట సామాన్య కుటుంబమునకు భారమగును. ఇది రెండవది. ఈ రెండు చిక్కులను విడదీయుటయే ఈ వ్యాసోద్దేశము. మా అభిప్రాయమును ముందుగనే చెప్పుచున్నాము. పిల్లికి కావలసినది ఖరీదైన పొట్లము కాదు. ఆహారముతో కలిసి దాని కడుపులోనికి పోవు నీరు. ఈ సంగతి గ్రహించినచో ఖర్చు చిక్కు చాలవరకు తీరును. మిగిలినది ఓపికతో సాధ్యమగును.

పిల్లికి నీటి విషయమున ఇంత పట్టింపు ఏల? దాని పుట్టుకను చూచినచో తెలియును. మన ఇంటి పిల్లికి మూలము ఆఫ్రికా, పశ్చిమాసియా ఖండభాగములలోని ఎండు నేలల అడవిపిల్లి. ధాన్యము నిలువ చేయ నేర్చిన తొలి వ్యవసాయదారుల గాదెలకు ఎలుకలు చేరగా, ఎలుకల వెంట ఈ పిల్లి చేరినది. సైప్రస్ ద్వీపమున సుమారు 9500 ఏండ్లనాటి సమాధిలో మనుష్యుని చెంతనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరము దొరికిన సంగతిని 2004లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మనుష్యునితో ఇంతటి ప్రాచీన స్నేహము ఉన్నను, పిల్లి దేహము మాత్రము ఆ ఎండు నేలల కట్టుబాటునే నేటికిని పాటించుచున్నది.

ఎలుక దేహమున మూడింట రెండు వంతులు నీరే. ఎలుకను తిన్న పిల్లి తిండితోపాటు నీటిని కూడ తినుచున్నదన్నమాట. అందుచే చెలమలకై వెదకవలసిన అగత్యము అడవిపిల్లికి అంతగా లేదు. దాని మూత్రపిండములు ఉన్న నీటిని పొదుపుగా వాడుకొని, మూత్రమును మిక్కిలి చిక్కగా చేయగలవు. అయితే ఈ నేర్పునకు జోడుగా ఒక లోపము కూడ వచ్చినది. పిల్లికి దాహము ఆలస్యముగ తెలియును. కుక్క వలె అది నీటి తొట్టి కడకు పరుగెత్తదు. పొడి ఆహారము తిను పిల్లి నీరు కొంత ఎక్కువ త్రాగు మాట నిజమే గాని, తడి ఆహారము తిను పిల్లికి అందునంత నీరు మొత్తముమీద దానికి అందదని పరిశోధకులు కొలిచి చూచిరి.

ఈ భేదమును ఒక చిన్న లెక్కతో చూపుదుము. నాలుగు కిలోల బరువు కలిగి, ఇంటిపట్టుననే ఉండు పిల్లికి దినమునకు సుమారు 200 క్యాలరీల ఆహారము చాలును. గుళికలైనచో ఇది ఇంచుమించు 55 గ్రాములు. గుళికలలో నీరు నూటికి పది పాళ్ళకు మించదు. అనగా ఆ దినపు భోజనముతో పిల్లికి చేరు నీరు ఒక చిన్న చెంచాడు మాత్రమే. ఆ 200 క్యాలరీలనే తడి ఆహారముగ పెట్టినచో సుమారు 235 గ్రాములు కావలెను. అందు నూటికి ఎనుబది పాళ్ళు నీరే గనుక, 185 గ్రాములకు పైగా నీరు భోజనముతోనే లోనికి పోవును. ఇంతటి పిల్లికి దినమునకు అన్ని విధముల కావలసిన నీరు 200 మిల్లీలీటర్లకు అటునిటుగా ఉండునని తలచినచో, ఒక విధమున భోజనమే దప్పికను తీర్చుచున్నది. రెండవ విధమున దాదాపు అంతయు గిన్నెలోని నీటి మీదనే ఆధారపడియున్నది.

నీరు చాలనిచో మూత్రము చిక్కబడును. చిక్కని మూత్రమున లవణములు పేరి సన్నని ఇసుక వలె ఏర్పడుటకును, మూత్రకోశమున మంట పుట్టుటకును అవకాశము హెచ్చును. ఆడపిల్లికి ఇది బాధ. మగపిల్లికి ప్రాణాపాయము. మగపిల్లి మూత్రనాళము చివర మిక్కిలి ఇరుకు. ఆ ఇసుకయో, జిగురో అచ్చట అడ్డుపడినచో మూత్రము పూర్తిగ బిగియును. చికిత్స జరుగనిచో రెండు మూడు దినములలో ప్రాణము పోవచ్చును. పిల్లి మాటిమాటికి ఇసుక తొట్టి కడకు పోయి కూర్చుండుట, ముక్కుట, అరచుట, చుక్క కూడ రాకుండుట, ఆ భాగమును విడువక నాకుకొనుట దీని గుర్తులు. వీనిని మలబద్ధమని పొరబడి ఇంటిమందు వేయువారు కలరు. ఈ గుర్తులు కనబడినచో రాత్రియైనను వేచియుండక వైద్యుని కడకు కొనిపోవలెను. తడి ఆహారము ఈ స్థితికి మందు కాదు. మూత్రకోశమున మంటతో ఒకసారి బాధపడిన పిల్లులలో అది తిరిగి వచ్చుటను మాత్రము తడి ఆహారము తగ్గించునని పరిశోధనలు చూపినవి.

ఇంత చెప్పినంతమాత్రమున గుళికలు విషమని చదువరులు తలపరాదు. వాని చరిత్ర మనుష్యుని సౌకర్యముతో ముడిపడినది. 1860 ప్రాంతమున లండనులో జేమ్స్ స్ప్రాట్ అను అమెరికను కుక్కలకు బిస్కెట్లు చేసి అమ్ముటతో ఈ వర్తకము ఆరంభమైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో డబ్బాలకు కావలసిన తగరము యుద్ధావసరములకు మరలగా, పొడి ఆహారము ముందునకు వచ్చెను. 1950 తరువాతి దశాబ్దమున పిండిని వేడితో, ఒత్తిడితో యంత్రముల ద్వారా పొంగించి గుళికలుగ చేయు పద్ధతి వ్యాపించెను. నేటి మంచి గుళికలలో పిల్లికి కావలసిన పోషక పదార్థములన్నియు కొలతప్రకారము ఉండును. గుళికలతోనే పదునైదేండ్లు బ్రతికిన పిల్లులును కలవు. వానిలో లేనిది నీరొక్కటే. కావున గుళికలను ఆసాంతము మానుట మా సలహా కాదు. ఉన్న భోజనమునకు నీటిని చేర్చుటయే మేము కోరునది.

ఇక ఖర్చు సంగతి. నీటిని చేర్చుటకు మూడు దారులు కలవు. అన్నిటికంటె చవుకయైన దారి పిల్లి తిను గుళికల మీదనే గోరువెచ్చని నీరు చల్లుట. దీనికి కానీ ఖర్చు లేదు. దినపు గుళికలలో సగమును రెట్టింపు నీటితో నానబెట్టి పెట్టగలిగినచో యాబది మిల్లీలీటర్లకు పైగా నీరు ఊరకే చేరును. కరకరలాడు గుళికలకు అలవడిన పిల్లి మెత్తబడినవానిని ఒక్కసారిగ ఒప్పుకొనదు గనుక, మొదట నాలుగు గుళికల మీద నాలుగు చుక్కలతో ఆరంభింపవలెను. ఒకటి మాత్రము మరువరాదు. తడిసిన గుళికలు పొడి గుళికల వలె నిలువ ఉండవు. గంటలోపల తినని భాగమును పారవేయవలెను.

రెండవ దారి కొనుగోలు చేసిన తడి ఆహారమును కొద్దిపాటిగ వాడుట. దినమునకు మూడు పొట్లములు పెట్టవలెనను నియమమేమియు లేదు. 80 గ్రాముల పొట్లము ఒకటి పెట్టి, గుళికలను 55 నుండి 35 గ్రాములకు తగ్గించినచో భోజనముతో చేరు నీరు సుమారు 67 గ్రాములగును. పూర్వము చేరిన దానికి ఇది పండ్రెండు రెట్లు. అర పొట్లమే పెట్టినను ఆరు రెట్లకు పైబడును. ఇందుకు అగు ఖర్చు మొత్తము తడి ఆహారముతో పోల్చిన మూడవ వంతో, ఆరవ వంతో మాత్రమే. తగ్గించిన గుళికల వెల కూడ కొంత తిరిగి వచ్చును.

పొట్లములను కొనునప్పుడు రెండు సంగతులు చూడవలెను. మొదటిది, పొట్లముపై కంప్లీట్ అని ఉన్నదో, కాంప్లిమెంటరీ అని ఉన్నదో చదువవలెను. కంప్లీట్ అనగా అది ఒక్కటే పెట్టినను పిల్లికి సరిపోవు సంపూర్ణాహారము. కాంప్లిమెంటరీ అనగా రుచికై చేర్చుకొనునది మాత్రమే. దానినే ప్రధాన భోజనముగ చేయరాదు. ఈ రెండవ రకము తరచుగ అందమైన పొట్లములలో హెచ్చు వెలకు వచ్చుచుండును. రెండవది, వెలను పొట్లముల లెక్కన పోల్చక క్యాలరీల లెక్కన పోల్చవలెను. పులుసు వంటి రకములో నీరు హెచ్చు, క్యాలరీలు తక్కువ. ముద్ద వంటి రకములో క్యాలరీలు హెచ్చు. క్యాలరీల సంఖ్య ముద్రించి ఉన్నచో పొట్లము వెలను దానితో భాగించి చూడవలెను. పెద్ద డబ్బాలు చాలవరకు చవుకగ పడును గాని, తెరచిన డబ్బాను మూతగల గిన్నెలోనికి మార్చి ఫ్రిజ్‌లో ఉంచి రెండు దినములలో ముగింపవలెను.

మూడవ దారి మన వంటిల్లు. ఎముకలేని కోడిమాంసమునో, శీలావతి, బొచ్చె వంటి చెరువు చేపలనో, తీరప్రాంతములవారైనచో తాజా కానాగంతలనో వట్టి నీటిలో ఉడికించి పెట్టవచ్చును. ఈ దారి చవుక, కాని ఇందు ఒక హద్దు కలదు. ఇంటి మాంసము పిల్లికి ఎంత ప్రియమైనను అది సంపూర్ణాహారము కాదు. వట్టి మాంసమున సున్నపు ధాతువు చాలదు. మరికొన్ని విటమినులును చాలవు. అందుచే దినపు క్యాలరీలలో పదవ వంతునకు మించకుండ పెట్టవలెనని పశువైద్యులు చెప్పుదురు. మన లెక్కలోని పిల్లికి ఇది ఇరువది క్యాలరీలు, అనగా ఉడికిన మాంసము ఒక పెద్ద చెంచాడు. అంతమాత్రమునకు ఫలమేమని సందేహింపవలదు. ఆ చెంచాడు మాంసముతో మూడు నాలుగు పెద్ద చెంచాల ఉడికిన నీటిని కలిపి పెట్టినచో యాబది మిల్లీలీటర్ల నీరు చేరును. అందు మాంసము వాసన ఉండుటచే పిల్లి దానిని ఇష్టముతో నాకును.

ఉడికిన నీటిని పారబోయరాదనుటకు మరియొక కారణము కలదు. పిల్లి దేహము తనకు తగినంతగా తయారుచేసికొనలేని పదార్థము టారీన్ అనునది ఒకటి కలదు. అది మాంసమున ఉండును, శాకములలో లేదు. టారీన్ చాలనిచో పిల్లి కంటిలోని తెర క్షీణించునని 1975లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు టారీన్ లోపము వలన పిల్లి గుండె కండరము సాగి బలహీనమగునని, టారీన్ ఇచ్చినచో అనేక పిల్లులు కోలుకొనుచున్నవని కనుగొనిరి. అప్పటినుండి కంపెనీలు తమ ఆహారములలో దానిని హెచ్చుగ చేర్చుచున్నవి. ఈ టారీన్ నీటిలో కరగిపోవును. మాంసమును ఉడికించి నీటిని పారబోసినచో దానితోపాటు టారీన్ కూడ పోవును.

వంటింటి దారిలో నిషేధములు కొన్ని కలవు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణములను చెరచును; వండినను, ఎండబెట్టినను, పొడిచేసినను వాని దోషము పోదు. కావున ఇంటివారికై వండిన చేపల పులుసునుండి ముక్క తీసి కడిగి పెట్టుట తగదు. ఉప్పు, కారము, మసాలాలు వేయకముందే పిల్లి భాగమును వేరుగ ఉడికింపవలెను. ఉడికిన ఎముకలు చీలికలై గొంతులోనో, ప్రేవులలోనో గ్రుచ్చుకొనును. చేపముల్లును వ్రేళ్ళతో తడవి తీయవలెను. కొన్ని జాతుల పచ్చి చేపలలో బి విటమిను నొకదానిని నాశముచేయు పదార్థము ఉండును. ఉడికించినచో అది పోవును. ఎండుచేపలలో ఉప్పు మెండు. కార్జము మంచిదే గాని, ఏ విటమిను హెచ్చగుటచే దినదినము పెట్టరాదు. వారమునకు ఒకటి రెండు చిన్న ముక్కలు చాలును.

పాలు, పెరుగన్నముల మాట కూడ చెప్పక తప్పదు. పిల్లికి పాలు ఇష్టమనుట సామెతలలోనే ఉన్నది. కాని పెరిగిన పిల్లులలో అనేకమునకు పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి తగ్గిపోవును. కడుపు జారి, లోనికి పోయిన నీటికంటె వెలికి పోవు నీరు హెచ్చగును. పెరుగన్నముతో పెరుగు పిల్లి ఒకప్పుడు పెరటిలో ఎలుకలను, తొండలను పట్టి తన లోటు తీర్చుకొనెడిది. తలుపులు మూసిన వాటాలోని పిల్లికి ఆ వీలు లేదు. పిల్లి పూర్తిగ మాంసాహారి. పెరుగన్నమున దానికి కావలసిన టారీన్ చాలినంత ఉండదు. మాంసము వంటింటిలోనికి రానీయని గృహములవారు మొదటి రెండు దారులను అవలంబింపవచ్చును. పిల్లికై వేరు పళ్ళెము, వేరు చెంచా, వసారాలో వేరు స్థలము ఏర్పాటు చేసికొన్నచో ఇంటి ఆచారమునకు భంగము కలుగదు.

ఇప్పుడు మొదటి చిక్కునకు వత్తుము. పిల్లి ఏల మొగము త్రిప్పుకొనును? అది పొగరు కాదు. పిల్లకూనగ ఉన్నప్పుడు తిన్న ఆహారముల వాసనను, మెత్తదనమును, కరకుదనమును అది భోజనమని గుర్తు పెట్టుకొనును. గుళికలు మాత్రమే తిని పెరిగిన పిల్లికి మెత్తని ముద్ద భోజనమనియే తోచదు. పిల్లి ఆహారమును ముఖ్యముగ వాసనచే నిర్ణయించును. తీపి రుచి దానికి తెలియనే తెలియదని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఫ్రిజ్‌లోనుండి తీసిన ఆహారమునకు వాసన లేదు. చల్లని ఎలుక ప్రకృతిలో చచ్చిన ఎలుకయే గనుక, దేహపు వేడికి దగ్గరగ ఉన్న ఆహారమును పిల్లి హెచ్చుగ మెచ్చును.

ఆకలి వేసినచో అదియే తినునులే అని గుళికలను ఆపివేయు పద్ధతి మిక్కిలి అపాయకరము. పిల్లి దేహము ఉపవాసమునకు ఓర్వదు. రెండు మూడు దినములు తినని పిల్లికి, అందును లావుగ ఉన్న పిల్లికి, దేహములోని క్రొవ్వు కాలేయమున చేరి అది పనిచేయలేని వ్యాధి కలుగవచ్చును. దానికి చికిత్స కష్టము, ఖర్చు అధికము. కావున ఒక కట్టడి పెట్టుకొనవలెను. ఇరువదినాలుగు గంటలలో పిల్లి తగినంత తినలేదని తోచినచో ఆ ప్రయత్నము నాపి, పాత ఆహారమునే పెట్టవలెను. పాత ఆహారమును కూడ తిననిచో అది అలవాటు చిక్కు కాదు, రోగము, వైద్యునికి చూపవలెను.

మేము సూచించు క్రమము ఇది. మొదటి వారమున ఆహారమును మార్చక వేళలను మాత్రమే మార్చవలెను. దినమంతయు గిన్నెలో గుళికలుండు ఇంటిలో పిల్లికి క్రొత్తదానిని వాసన చూడవలసిన ఆకలియే కలుగదు. దినపు గుళికలను తూచి మూడు నాలుగు భాగములు చేసి, ప్రతి భాగమును అరగంటసేపు ఉంచి తీసివేయవలెను. పిల్లి నాలుగైదు దినములలో వేళలను నేర్చుకొనును. రాత్రి నిద్రకు ముందు ఒక భాగము పెట్టినచో తెల్లవారుజామున అది ఇంటివారిని లేపు బాధ కూడ తగ్గును.

రెండవ వారమున గుళికల గిన్నె ప్రక్కన వేరొక చదునైన పళ్ళెములో అర చెంచాడు తడి ఆహారమును ఉంచవలెను. దానిని వేడినీటి గిన్నెలో నిలిపి గోరువెచ్చగ చేయవలెను. వ్రేలితో తాకినప్పుడు వేడిగ తోచరాదు. రామకృష్ణుని పిల్లి కథ ఇచ్చట పనికివచ్చును. పిల్లి తినకున్నను బలవంతము చేయరాదు, మూతికి పూయరాదు, కసరరాదు. అరగంటకు తీసివేసి మరుసటి పూట మరల ఉంచవలెను. తినకపోయినను ఆ వాసన భోజనవేళకు సంబంధించినదని దానికి క్రమముగ తెలియును. ఆ అర చెంచాడు వ్యర్థమగుచున్నదని చింతింపవలదు; పొట్లములో మిగిలినదానిని చెంచాల లెక్కన మంచుగడ్డల పెట్టెలో గడ్డకట్టించి, పూటకొక గడ్డ తీసి వాడుకొనవచ్చును. ఉడికించిన కోడిమాంసమును కూడ తన నీటితోనే ఇట్లు గడ్డకట్టించినచో, పావుకిలో మాంసము ఒక పిల్లికి పది పండ్రెండు దినములు వచ్చును.

పిల్లి నాకుట ఆరంభించిన పిమ్మట రెంటిని కలుపు పని మొదలిడవలెను. రెండు గుళికలను పొడిచేసి తడి ఆహారము మీద చల్లినచో పరిచయమైన వాసన క్రొత్తదానికి అంటుకొనును. లేదా గుళికల నడుమ శనగగింజంత తడి ముద్ద నుంచి, మూడు నాలుగు దినముల కొకసారి కొంచెము కొంచెముగ హెచ్చింపవలెను. పిల్లి గుళికలను ఏరుకొని తిని పోవుచున్నచో మనము తొందరపడితిమన్నమాట. ఒక మెట్టు వెనుకకు దిగవలెను. తడి ఆహారము హెచ్చుచున్న కొలది గుళికలను లెక్కప్రకారము తగ్గింపవలెను. లేనిచో నీటితోపాటు లావు కూడ వచ్చును. కొన్ని పిల్లులకు రెండు వారములు చాలును. ఏండ్ల తరబడి గుళికలకే అలవడినవానికి రెండు మూడు నెలలు పట్టవచ్చును. ఇంటిలో ఒక్కరే ఈ బాధ్యత వహించుట మంచిది. ఒకరు తగ్గించిన గుళికలను మరియొకరు జాలిపడి పోసినచో శ్రమ అంతయు వృథా.

వారమునకు ఒకసారి పిల్లి బరువు చూడవలెను. పిల్లిని ఎత్తుకొని బరువు యంత్రము మీద నిలిచి, పిమ్మట ఒంటరిగ నిలిచి, భేదమును వ్రాసికొన్నచో చాలును. నాలుగు కిలోల పిల్లి వారమునకు నూరు గ్రాములకు మించి తగ్గుచున్నచో నిదానింపవలెను. ఒకటి రెండు దినములు విరేచనము పలుచబడుట సహజము. అది ఆగకున్నను, వాంతులైనను పాత ఆహారమునకు మరలి వైద్యుని అడుగవలెను.

మన ఎండలను గూర్చి ప్రత్యేకముగ హెచ్చరింపవలసియున్నది. గుళికలు ఉదయమునుండి సాయంకాలము వరకు గిన్నెలో నిలిచినను చెడవు. తడి ఆహారము అట్లు కాదు. వైశాఖ జ్యేష్ఠములలో అరగంట, తక్కిన దినములలో ఒక గంట గడువు పెట్టుకొని మిగిలినదానిని తీసివేయవలెను. చెడిన ముద్ద తిని కడుపునొప్పి పడిన పిల్లి ఆ వాసనను మరల దరిచేరనీయదు. చీమలకై భోజన పళ్ళెమును నీరు పోసిన వెడల్పు తాంబాళములో నిలుపుట మన ఇండ్లలో పాత ఉపాయమే. పళ్ళెమును పూటపూటకు సబ్బుతో కడుగవలెను. తడి ఆహారము పెట్టుచున్నను మంచినీటి గిన్నెలు మానరాదు. ఇంటిలో రెండు మూడు చోట్ల, భోజనమునకును ఇసుక తొట్టికిని ఎడముగ, వెడల్పు గిన్నెలలో దినదినము క్రొత్త నీరు పోయవలెను.

కొన్ని పిల్లుల విషయమున ఈ మార్పునకు ముందే వైద్యుని సలహా పొందవలెను. మధుమేహమునకు ఇన్సులిన్ పొందుచున్న పిల్లికి ఆహారము మారినచో మందు మోతాదు కూడ మారవలసి రావచ్చును. తెలియక మార్చినచో రక్తమున చక్కెర ప్రమాదకరముగ పడిపోవును. మూత్రపిండముల వ్యాధిచే గాని, మూత్రములోని రాళ్ళచే గాని ప్రత్యేకాహారము తినుచున్న పిల్లికి వంటింటి చెంచాడు కూడ అడిగియే పెట్టవలెను. పిల్లకూనలకు, చూడి పిల్లులకు క్యాలరీల లెక్కలు వేరు.

ఎంత ఓపిక పట్టినను తడి ఆహారమును ముట్టని పిల్లులు కొన్ని ఉండును. వాని యజమానులు నిరాశ చెందనక్కరలేదు. గుళికల మీద నాలుగు చెంచాల వెచ్చని నీరు ఒప్పుకొన్నను, ఉప్పులేని మాంసపు నీటిని వేరుగ నాకినను లాభమే. క్రొత్తగ పిల్లకూనను తెచ్చుకొనువారు మాత్రము మొదటినుండియే పొడి, తడి రెండు రకములను రుచి చూపినచో తరువాత ఈ శ్రమ ఉండదు.

ఫలము కనబడునది ఇసుక తొట్టిలోనే. పూర్వము చిన్న ఉండలుగ ఉన్న తడి ఇసుక పెద్ద ఉండలుగ కట్టుట, వాని ఘాటు వాసన తగ్గుట చూచినచో నీరు లోనికి చేరుచున్నదని గ్రహింపవచ్చును. తొట్టిని శుభ్రము చేయువారు ప్రతిదినము ఆ ఉండలను ఒకసారి గమనించుట మంచిది. ఒక దినమున ఉండలు తగ్గినను, అసలు కనబడకున్నను, మరునాటి వరకు ఆగక ఆ పిల్లిని పరీక్షింపించవలెను.